సంక్రాంతి రాత్రులకు పాయింట్లు ఆపేయకండి

హోటల్ చైన్ల లాయల్టీ పథకాలు నడిపే పెద్దలకు, గోదావరి జిల్లాల్లో ఆ చైన్ల బోర్డు పెట్టుకుని హోటళ్లు నడుపుతున్న యజమానులకు,

నమస్కారం.

భోగి నుంచి ముక్కనుమ దాకా మీ హోటళ్లలో దిగినప్పుడల్లా సభ్యుల ఖాతాలో జమయ్యే పాయింట్లతో, డబ్బుకు బదులుగా, గది బుక్ చేసుకోనివ్వండి. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. 2027లో గోదావరి పుష్కరాలు కూడా వస్తున్నాయి కాబట్టి, ఈ విషయం ఇప్పుడే తేలిపోతే అందరికీ మంచిది.

మాది కోనసీమలో ఒక లంక గ్రామం. ఉద్యోగం హైదరాబాదులో. ఆఫీసు పని మీద నెలలో చాలా రాత్రులు వేరే ఊళ్లలో గడుస్తాయి. రాయపూర్, పుణె, కోయంబత్తూరు, ఎక్కడికి పంపితే అక్కడికి. అలా పోగైనవే నా పాయింట్లు. హోటల్ బిల్లు కంపెనీ కట్టింది, నిజమే. కానీ పిల్లల పుట్టినరోజులకీ, అమ్మకు జ్వరం వచ్చినప్పుడూ ఇంట్లో లేకుండా గడిపిన రాత్రులు మావి. ఆ పాయింట్లతో ఎక్కడికి వెళ్లాలని మా ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది. పండక్కి ఊరెళదాం అంటారు.

సొంతూరికి వెళ్తూ హోటలెందుకని మీకు అనిపించవచ్చు. మా పెద్దమ్మకూ అలాగే అనిపిస్తుంది. "మన ఊరొచ్చి హోటల్లో దిగుతారా?" అని నొచ్చుకుంటుంది. కానీ ఊళ్లో ఉన్నది తాతల నాటి మండువా ఇల్లు. పండక్కి పెదనాన్నగారి పిల్లలు, అల్లుళ్లు, మనవలు అందరూ అక్కడికే చేరతారు. బాత్‌రూమ్ పెరట్లో ఉంది, కింద కూర్చునే రకం. మా అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. చీకట్లో మెట్లు దిగి పెరట్లోకి వెళ్లలేదు, కింద కూర్చోలేదు. ఆవిడకు కావలసింది వెస్ట్రన్ కమోడ్, పట్టుకోవడానికి ఒక కడ్డీ, వేణ్నీళ్లు, లిఫ్టు. పగలంతా ఊళ్లో ఉంటాం. ముగ్గులు, గొబ్బెమ్మలు, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. రాత్రి పడుకోవడానికి మాత్రం పట్నానికి వచ్చేస్తాం. ఇలాంటి ఇల్లు మాదొక్కటే కాదు. కూతురి అత్తమామలను మొదటి పండక్కి పిలిచినవాళ్లు, అమెరికా నుంచి చంటిబిడ్డతో వచ్చినవాళ్లు, ఊళ్లో ఇల్లు అమ్మేసుకుని పండక్కి మాత్రం రాకుండా ఉండలేనివాళ్లు, అందరికీ అదే అవసరం.

ఆ పట్నం హోటల్ గొప్పదేం కాదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఎక్కడైనా మన వైపు ఉన్నవి మామూలు హోటళ్లే. చైన్ బోర్డు ఉన్నవైతే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గది చిన్నది. కిటికీ తీస్తే బస్టాండో, పక్క మేడ గోడో కనిపిస్తుంది. పొద్దున టిఫిన్‌కి ఇడ్లీ, ఉప్మా, పూరీ. పక్కబట్టలు శుభ్రంగా ఉంటే, ఏసీ, గీజరు పనిచేస్తే మాకు చాలు. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. మా అమ్మ రాత్రి హాయిగా నిద్రపోయి పొద్దున్నే పండగ చీర కట్టుకుని ఊళ్లోకి వచ్చిందంటే ఆ మామూలు గది వల్లే. ఆ హోటల్ అంటే నాకు నిజంగా గౌరవం.

పాయింట్ల లెక్కలు తెలిసినవాళ్లు ఇక్కడే అడ్డుపడతారు. ఇలాంటి హోటల్లో పాయింట్లు ఖర్చుపెట్టడం వృథా అనీ, దాచుకుని ఏ మాల్దీవులకో, దుబాయికో వాడుకోవాలనీ వాళ్ల సలహా. నేను ఒప్పుకోను. పాయింటు విలువ తెలిసేది గది ఎంత బాగుందన్న దాన్నిబట్టి కాదు, ఆ రాత్రి జేబులోంచి ఎంత తీయాల్సి వచ్చేదన్న దాన్నిబట్టి. మామూలు రోజుల్లో మూడు వేలకు దొరికే గదికి పండగలో ఎనిమిది, పది వేలు అడిగితే ఆ డబ్బుకు ఆ గది తగదు. అయినా అవసరం ఆగదు. పాయింట్లు అక్కరకొచ్చేది సరిగ్గా ఆ రాత్రే. రిసార్టుకు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వెళ్లొచ్చు. భోగి తెల్లవారుజామున అమ్మ ఊళ్లో ఉండటాన్ని వాయిదా వేయలేం.

యజమానులారా, పండగ అద్దెల గురించి మీతో ఒక మాట. గిరాకీ ఉన్నప్పుడు రేటు పెంచడం వ్యాపారం, అర్థం చేసుకోగలం. కోడిపందేల మూడు రోజులకు భీమవరం చుట్టుపక్కల గదులు నెలల ముందే అయిపోతాయని రాష్ట్రమంతా తెలుసు. కానీ 7,500 రూపాయల గీత ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. 7,500 అద్దెకు పన్నుతో కలిపి 7,875 అవుతుంది. మీరు ఇంకో ఐదొందలు పెంచి 8,000 చేస్తే బిల్లు 9,440. అంటే మీకు ఐదొందలు ఎక్కువ రావడానికి మేం 1,565 రూపాయలు ఎక్కువ కట్టాలి.

అక్కడితో ఆగదు. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఒక్క గదినైనా 7,500 దాటిన అద్దెకు ఇచ్చిన హోటల్లో, మరుసటి ఆర్థిక సంవత్సరమంతా రెస్టారెంటు బిల్లు మీద కూడా 5 శాతం బదులు 18 శాతం పన్ను పడుతుంది. పండగ మూడు రోజుల అద్దె ఆశకు, ఏడాది పొడుగునా మీ దగ్గర భోంచేసే మన ఊరివాళ్లు మూల్యం కడతారు. ఆదివారం పిల్లల్ని బిర్యానీకి తీసుకొచ్చే బడిపంతులు కడతాడు. ఈ సంగతి మీ ఆడిటరుకు తెలిసే ఉంటుంది. ఆయన్ని అడిగి చూడండి, తర్వాత రేటు వేయండి.

ఇప్పుడు పాయింట్ల సంగతి. పోయిన సంక్రాంతికి ఒక చైన్ హోటల్లో గది కోసం చూశాను. పేరు రాయను, ఆ ఒక్క హోటల్ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. డబ్బుకైతే గదులు ఉన్నాయి. అదే యాప్‌లో పాయింట్లు అని నొక్కితే ఆ నాలుగు రాత్రులకూ ఏమీ లేవు. హోటల్‌కి ఫోన్ చేశాను. "పండక్కి పాయింట్లు ఆపేశారండీ, హెడ్డాఫీసు నుంచే ఆపేశారు" అన్నారు. హెడ్డాఫీసు కస్టమర్ కేర్‌కి చేస్తే, అది ఆ హోటల్ నిర్ణయం, తమ చేతిలో లేదన్నారు. ఎవరు ఆపారో ఈరోజుకీ తెలియదు. అమ్మను తీసుకొస్తున్నాం కాబట్టి ఇంకో దారి లేక డబ్బే కట్టాను. ఆ టెన్షన్‌లో వారం రోజులు గడిచాయి.

డెస్క్ మీద ఉండే పిల్లలను నేను ఒక్క మాట అనలేదు, అనకూడదు కూడా. వాళ్లూ పండగపూట ఇంట్లో ఉండకుండా డ్యూటీకి వచ్చినవాళ్లే. పైవాళ్లు చేసిన నిర్ణయానికి కస్టమర్ల కేకలు తినేది వాళ్లు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను, వాళ్లకు కాదు.

పథకాల నిర్వాహకులారా, మీ ప్రకటనల్లో "ఏ రోజైనా వాడుకోవచ్చు, నిషేధ తేదీలు లేవు" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఉండేది వేరు. ఆ హామీ స్టాండర్డ్ గదికి మాత్రమే, అలాంటి గదులు ఎన్ని ఉండాలో హోటల్ పరిమితం చేసుకోవచ్చు అని ఉంటుంది. దాంతో కొన్ని హోటళ్లు ఒకటీ రెండు గదులను స్టాండర్డ్ అని ఉంచి, అదే కొలత, అదే మంచం, అదే బాత్‌రూమ్ ఉన్న మిగతా గదులకు ప్రీమియం, సుపీరియర్ అని పేర్లు పెడుతున్నాయి. ఆ రెండూ నిండగానే పాయింట్ల తలుపు మూసుకుంటుంది. కాగితం మీద నిబంధన తప్పలేదు. కానీ మీ మాట నమ్మి ఏళ్ల తరబడి మీ హోటల్లోనే దిగిన మనిషికి ఇచ్చిన మాట తప్పింది. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆన్‌లైన్‌లో ఒకటి ఆశ చూపి ఇంకొకటి అంటగట్టడాన్ని మోసపూరిత పద్ధతుల్లో చేర్చింది. పేర్లు మార్చిన గదులు దాని కిందికి వస్తాయో రావో వాదించడానికి నేను లాయర్ని కాను. వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కి ఫోన్ చేసే దాకా మీ సభ్యుల్ని తీసుకెళ్లకండి అని మాత్రం అడుగుతున్నాను.

ఇంకో సంగతి నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు. ఒకప్పుడు ఫలానా హోటల్‌కు ఇన్ని పాయింట్లు అని పట్టిక ఉండేది. హిల్టన్ 2017లో, మారియట్ 2022లో ఆ పట్టికలు తీసేశాయి. గది రేటు పెరిగితే పాయింట్లూ పెరిగే పద్ధతి వచ్చింది. హయత్ 2022లో పట్టిక ఉంచుకుంటూనే రద్దీ రోజులకు ఎక్కువ, ఖాళీ రోజులకు తక్కువ అని పెట్టింది. పట్టిక ఉన్న రోజుల్లో, పండగపూట తక్కువ పాయింట్లకే గది పోతోందని హోటల్ బాధపడిందంటే అర్థం ఉంది. ఇప్పుడు గది రేటు మూడింతలైతే పాయింట్లూ మూడింతలు అడుగుతున్నారు కదా. ఇక ఆపేయడం దేనికి? మూడింతలు అడగండి. మనసు కష్టపెట్టుకుని అయినా ఇస్తాం. అసలు లేవని మాత్రం అనకండి. కొన్ని పథకాల్లో 24 నెలలు, కొన్నిటిలో 12 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు రద్దయిపోతాయి. కావలసిన రాత్రి ఇవ్వక, కావలసిన రాత్రి కోసం దాచుకుంటే రద్దుచేస్తే, ఆ పాయింట్లు మాకు దేనికి?

పాయింట్ల మీద వచ్చిన మనిషి వల్ల తమకు నష్టమని యజమానులు అనుకుంటే, లెక్క ఇంకోసారి చూడండి. చైన్ చైన్‌కీ ఒప్పందాలు మారతాయి కానీ, పెద్ద చైన్లలో పద్ధతి ఇంచుమించు ఇలా ఉంటుంది. సభ్యులు కట్టే బిల్లుల్లోంచి కొంత శాతం హోటళ్లు పథకం నిధికి జమచేస్తాయి. ఎవరైనా పాయింట్లతో దిగినప్పుడు ఆ నిధి నుంచి హోటల్‌కు డబ్బు వస్తుంది. హోటల్ ఖాళీగా ఉన్న రాత్రి ఆ మొత్తం తక్కువ, గది శుభ్రం చేయించడానికీ, టిఫిన్‌కీ సరిపోయేంత. హోటల్ దాదాపు నిండిన రాత్రి మాత్రం ఆ రోజు సగటు అద్దెకు దగ్గరగా ఇస్తారు. సంక్రాంతికి మీ హోటల్ నిండుతుంది. అంటే పాయింట్ల గదికి మీకు మంచి డబ్బు ముట్టేది సరిగ్గా ఆ రాత్రుల్లోనే. ఆఖరి నిమిషంలో ఎవరో వచ్చి ఇచ్చే పెద్ద రేటు రాకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఏడాదంతా మీ బోర్డు చూసి వచ్చే సభ్యుడికి ఆ తేడా మాత్రం ఇవ్వలేరా?

దళారుల బెడద కూడా మీకు తెలుసు. పండగ గదులను ముందే మూకుమ్మడిగా పట్టుకుని, మూడు రాత్రులూ కలిపితేనే ఇస్తాం అంటూ ఎక్కువకు అమ్ముకునేవాళ్లు ఉంటారు. పాయింట్ల బుకింగ్ సభ్యుడి పేరు మీద, సభ్యుడి ఖాతాలోంచి జరుగుతుంది. గుర్తింపు కార్డు సరిచూసి తాళం ఇస్తారు. ఒక సభ్యుడికి రెండు గదులకు మించి ఇవ్వమని నిబంధన పెట్టండి, సంతోషంగా పాటిస్తాం. ఆ గదులు నిజంగా కుటుంబాలకే చేరతాయి.

రైళ్ల సంగతి చెప్పకపోతే మా ఇబ్బంది మీకు పూర్తిగా అర్థం కాదు. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. సంక్రాంతి టికెట్లు నవంబరు నడుమ తెరుచుకుంటాయి. గౌతమి, గోదావరి, నరసాపూర్ రైళ్లకు నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు వచ్చేస్తుంది. హోటల్ గది మాత్రం అంతకు చాలా ముందే పట్టుకోవాలి. అంటే వెళ్లగలమో లేదో తెలియకుండానే గది తీసుకోవాలి. డబ్బు కట్టి తీసుకుంటే, పండగ రోజులకు రద్దు చేసినా తిరిగి ఇవ్వమని ముందే చెప్తున్నారు. పాయింట్ల బుకింగ్‌ను ఒకటి రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకోవచ్చన్న పాత పద్ధతిని పండక్కి కూడా అలాగే ఉంచండి. మేం రద్దు చేసుకున్న గది ఇంకొకరికి పోతుంది, ఆ రోజుల్లో మీకు గది మిగలడం అంటూ ఉండదు.

రాత్రి రైళ్లు తెల్లవారకముందే దింపుతాయి. చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అంతసేపు లాబీలో కుర్చీలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. గది ఖాళీగా ఉంటే పొద్దున్నే ఇచ్చేయండి. డబ్బు కట్టినవాళ్లకు ఒకలా, పాయింట్లతో వచ్చినవాళ్లకు ఒకలా చూడకండి. జనరేటరు పక్కనున్న వెనక గదులూ, గీజరు సరిగా లేని గదులూ పాయింట్లవాళ్లకే అన్న పద్ధతి కొన్నిచోట్ల ఉంది. నాకు సూట్ వద్దు, పళ్లబుట్ట వద్దు, పెద్ద గదికి మార్చడం వద్దు. అందరికీ ఇచ్చే గదే ఇవ్వండి.

ఇక పుష్కరాలు. 2015లో జూలై 14 నుంచి 25 దాకా జరిగాయి. మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ఆ పేరు వింటే మా ప్రాంతంలో ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఏర్పాట్ల బాధ్యత ప్రభుత్వానిది, దాన్ని మీ మీద వేయడం లేదు. కానీ రాత్రి తలదాచుకోవడానికి గది ఉన్న మనిషి పన్నెండు రోజుల్లో రద్దీ తక్కువ ఉన్న పూట చూసుకుని, కొవ్వూరు వైపో, ఇంకో రేవుకో నెమ్మదిగా వెళ్లి మునిగి వస్తాడు. గది లేనివాడు ఘాట్ దగ్గరే పడిగాపులు పడి, అందరితో పాటు ఒకేసారి తోసుకు వెళ్తాడు. వయసైనవాళ్లతో వచ్చే కుటుంబాలకు ఒక్క రాత్రి గది ఎంత అవసరమో ఆ పన్నెండు రోజుల్లో మీరే చూస్తారు. ఎక్కడెక్కడో స్థిరపడిన గోదావరి జిల్లాలవాళ్లు పెద్దల పేరున పిండం పెట్టుకోవడానికి వస్తారు. వాళ్లలో మీ సభ్యులు వేల మంది ఉంటారు. ఇప్పటి నుంచే పాయింట్లు దాచుకుంటున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. పుష్కరాల తేదీలకు పాయింట్లు తెరిచే ఉంటాయో లేదో వాళ్లకు ఇప్పుడే చెప్పండి. ఉండవంటే, ఆ పాయింట్లను ఇంకోచోట వాడుకుంటారు. చివరి వారంలో చెప్తే మాత్రం అన్యాయం.

కార్తీక సోమవారాలూ, మాఘంలో అంతర్వేది తీర్థం, పెళ్లి ముహూర్తాలూ కూడా రద్దీ రోజులే. వాటి గురించి విడిగా అడగడం లేదు. సంక్రాంతికీ పుష్కరాలకీ పద్ధతి కుదిరితే మిగతావాటికీ అదే సరిపోతుంది.

పథకాల నిర్వాహకులు ఏటా సెప్టెంబరు నెలాఖరు లోపు గోదావరి జిల్లాల్లోని ఒక్కో హోటల్లో భోగి నుంచి ముక్కనుమ దాకా ఏ రాత్రికి ఎన్ని పాయింట్లో యాప్‌లో పెట్టండి. ప్రతి పది గదుల్లో ఒకటి, దాని పేరు ఏదైనా సరే, ఆ రాత్రులకు పాయింట్ల మీద ఇవ్వాలని హోటళ్లతో ఒప్పందంలో రాసుకోండి. ఆ గదులు నిండిపోతే నిండాయని చూపించండి. ఆపేస్తే ఎవరు ఆపారో, హోటలా, హెడ్డాఫీసా, అక్కడే రాయండి. యజమానులు తమ హోటల్లో పట్టుకునే కడ్డీ, వెస్ట్రన్ కమోడ్ ఉన్న గదులు ఎన్నో, లిఫ్టు ఏ అంతస్తు దాకా వెళ్తుందో బుకింగ్ పేజీలోనే చెప్పండి. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ఫోన్ చేసి అడిగేది ముందుగా అదే.

జవాబు నా ఒక్కరికే ఇవ్వనక్కర్లేదు. మీ సభ్యులందరికీ కనిపించేలా యాప్‌లోనే ఇవ్వండి.

ఇట్లు,
మీ సభ్యుల్లో ఒకరు,
కోనసీమ